రెక్క మీద కాగితమే ఉండాలి

మామయ్య చేసిన గ్లైడరును, ఆ కాగితపు రెక్కల మోడల్ విమానాన్ని, సజ్జ మీంచి దించుతుంటే నా బొటనవేలు దాని కుడి రెక్కలోకి దిగిపోయింది. గట్టిగా పట్టుకున్నానని కాదు. వేయించిన అప్పడం విరిగినంత చప్పుడైంది, అంతే. చిల్లు చుట్టూ కాగితం తేనెరంగు పెంకుల్లా రాలి చేతి మీద పడింది. స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. కింద నుంచి అమ్మ "ఏమైందే?" అని అడుగుతోంది. నాకు నోట మాట రాలేదు.

సికింద్రాబాదులో తాతయ్య కట్టిన ఇల్లు ఖాళీ చేస్తున్న రోజులవి. ఆ గ్లైడరు పుట్టింది 1974లో. మామయ్య అప్పుడు డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో కేడెట్. ఎయిర్ వింగ్ పిల్లలకు ఏరోమోడలింగ్, అంటే చిన్న విమానాలు చేసి ఎగరేయడం, నేర్పుతారు, వాయు సైనిక్ క్యాంపుల్లో పోటీలు కూడా పెడతారు. తేలికైన బాల్సా చెక్క, దాని మీద కప్పే పలుచని టిష్యూ కాగితం, ఆ కాగితం మీద పూసే డోపు సీసా, ఒక ప్లాను చేతికొస్తే రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చేశాడట. కొస నుంచి కొసకు 124 సెంటీమీటర్ల రెక్క. ఇంజను లేదు. దారం కట్టి, గాలికి ఎదురు పరుగెత్తితే పతంగిలా లేస్తుంది. నెత్తి మీదికి వచ్చి దారం వదులవగానే రింగు కొక్కెం నుంచి జారిపోతుంది. అక్కడి నుంచి దాని దారి దానిదే. ఎడమ రెక్క మీద నల్ల టిష్యూతో కత్తిరించి అతికించిన మూడు అక్షరాలున్నాయి: గ, రు, డ. ఆ కత్తెర పట్టింది మా అమ్మ. అప్పటికి ఆమె పదో తరగతి.

దాన్ని ఏం చేయాలన్న దగ్గర రెండు మాటలొచ్చాయి. మా పెదనాన్న కొడుకు, నాకంటే పదేళ్ళు పెద్ద, "ముట్టుకోకు. ఎలా ఉందో అలాగే అద్దాల పెట్టెలో పెట్టించు. ఆ కాగితం మీద అత్త చేతి ముద్ర ఉంది" అన్నాడు. మా అమ్మను పిన్ని అనాల్సినవాడు చిన్నప్పటి నుంచి అత్త అనే పిలుస్తాడు, అంత చేరిక ఆమె దగ్గర. మోడల్ విమానాల సామాను అమ్మే దుకాణంలో కుర్రాడు ఫోటో చూసి, "పాతదంతా పీకేసి ప్లాస్టిక్ ఫిల్మ్ వేసేయండి మేడమ్, ఇస్త్రీ చేసినట్టు ఒక్క పూటలో అయిపోతుంది, మళ్ళీ ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఇద్దరూ మేలు కోరే చెప్పారు. ఇద్దరి మాటా నేను వినలేదు. పాత కాగితం పూర్తిగా తీసేయాలని, దాని స్థానంలో మళ్ళీ కాగితమే రావాలని నా పట్టు. ఆరు నెలలు ఆ పని చేశాక ఆ పట్టు ఇంకా గట్టిపడింది. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఎవరింట్లోనైనా సజ్జ మీద ఇలాంటిది ఒకటి ఉంటే, దాన్ని ముట్టుకునే ముందు ఇది చదవాలని నా కోరిక.

ముందు ఒక చిన్న పరీక్ష. కాగితం తీసేసిన రెక్కను రెండు కొసలూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు కొంచెం మెలిపెట్టి చూడండి. తిరిగిపోతుంది. పక్కటెముకల్లా నిలిచే బాల్సా రిబ్బులు, వాటి గుండా రెక్క పొడవునా వెన్నెముకలా పోయే స్పార్, ముందు అంచు, వెనక అంచు, అన్నీ సరిగ్గా అతుక్కుని ఉన్నా సరే, మెలికను ఆపే శక్తి ఆ అస్థిపంజరానికి లేదు. అదే రెక్కకు టిష్యూ అంటించి డోపు పూసి ఆరాక మళ్ళీ మెలిపెట్టండి. బిగుసుకుని ఉంటుంది. రెండు గ్రాముల కాగితం, నాలుగు గ్రాముల డోపు కలిసి ఎలా చేశాయి ఈ పని? మెలి తిప్పినప్పుడు ప్రతి రెండు రిబ్బుల మధ్య గడీ ఐమూలగా సాగాలని చూస్తుంది. ముందే బిగిసి ఉన్న కాగితం ఆ ఐమూల లాగుడును అడ్డుకుంటుంది. ఒక మూల కాదు, పైనా కిందా ఉన్న గడులన్నీ కలిసి అడ్డుకుంటాయి. అంటే కాగితం విమానానికి తొడిగిన చొక్కా కాదు. స్పార్ ఎంత భాగమో అదీ అంతే భాగం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా వాదమంతా దానికదే తేలుతుంది.

డప్పు వాయించేవాళ్ళను చూసే ఉంటారు. వాయించే ముందు గడ్డి మంట వేసి డప్పు కాస్తారు. తోలులోని తేమ పోయి బిగుస్తుంది, అప్పుడు గాని మోత రాదు. టిష్యూ కూడా అంతే. తేమకు వదులవుతుంది, ఆరితే బిగుస్తుంది. అందుకే అంటించాక సన్నగా నీళ్ళు జల్లుతాం. ముడతలన్నీ పోయేలా బిగిసి, వేలితో మీటితే "టుమ్" అంటుంది. కానీ అది నిలవదు, రేపు వాన పడితే మళ్ళీ వదులే. ఆ బిగువును పట్టి ఉంచడానికి డోపు. నైట్రోసెల్యులోజును ద్రావకంలో కరిగిస్తే వచ్చే పలుచని లక్క లాంటిది డోపు. ద్రావకం ఎగిరిపోతున్న కొద్దీ సెల్యులోజు కుంచించుకుపోతూ కాగితపు పోగులను తనతోపాటు దగ్గరికి లాగుతుంది, సందులు పూడ్చి గాలి చొరనివ్వదు. ఆడవాళ్ళు గోళ్ళకు వేసుకునే రంగులో ఉండేదీ, పాత సినిమా రీళ్ళు తయారైనదీ ఈ నైట్రోసెల్యులోజుతోనే. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల నార బట్ట మీద పూసిందీ ఈ జాతి పూతే.

ఇప్పుడు ఫిల్మ్ సంగతి. మోనోకోట్, ఒరాకవర్ లాంటి పేర్లతో వచ్చే రంగురంగుల ప్లాస్టిక్ పొర అది. వెనక వేడికి కరిగే జిగురు ఉంటుంది. చిన్న ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి, వేడిగాలి చూపిస్తే ముడుచుకుని బిగుస్తుంది. వాసన లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు, ఇంజను నుంచి చిమ్మే నూనె కారినా తుడిస్తే పోతుంది. ఇంజనున్న రేడియో కంట్రోల్ విమానానికి, చెక్కతో గట్టిగా కట్టిన దానికి, మొదటిసారి నేర్చుకునే పిల్లల మోడల్‌కు ఫిల్మ్ చక్కటి వస్తువు. దాని మీద నాకు పగ లేదు.

కానీ టిష్యూ కోసం కట్టిన ఎముకల మీద ఫిల్మ్ వేస్తే ఏమవుతుందో పదకొండేళ్ళ క్రితం నా చేతులతోనే చూశాను. రబ్బరుతో తిరిగే ప్రొపెల్లరున్న చిన్న విమానం, ఒక పెద్దాయన ఇచ్చినది. ఎర్ర ఫిల్మ్ వేశాను. బల్ల మీద మెరిసిపోయింది. వేడి చూపిస్తున్నప్పుడే వెనక అంచు అలలు తిరగడం గమనించాను గానీ సర్దుకుంటుందనుకున్నాను. ఏప్రిల్ ఎండలో కారు వెనక సీట్లో గంటసేపు ఉంటే ఫిల్మ్ మొత్తం వదులై, రెక్క ఒక పక్కకు మెలి తిరిగిపోయింది. వదిలిన వెంటనే ఎడమకు చుట్టుకుని నేలను తాకింది. అంతకంటే బాధ తర్వాత తెలిసింది. ఫిల్మ్ తీద్దామంటే జిగురూ రంగూ బాల్సాలోకి ఇంకిపోయాయి. పీకినచోటల్లా చెక్క పోగులు లేచి వచ్చాయి. ఆ విమానానికి మళ్ళీ టిష్యూ వేసే అవకాశం నేనే పోగొట్టాను. ఇచ్చిన పెద్దాయనకు ఆ మాట చెప్పుకోలేకపోయాను, ఆయన ఇప్పుడు లేరు.

డోపుకు ఈ దోషం లేదు. ఎండిన ఈ నైట్రోసెల్యులోజు డోపు మీద థిన్నర్, అంటే డోపును పలుచన చేసే ద్రావకం, పూస్తే యాభై ఏళ్ళ తర్వాతైనా మళ్ళీ కరుగుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకోవచ్చు. పాత వస్తువు మీద చేయి వేసేవాళ్ళు అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం: నా తర్వాత వచ్చేవాళ్ళు నేను చేసింది విప్పగలరా?

బరువు లెక్క కూడా చూడండి. గరుడ రెక్కా తోకా పైనా కిందా కలిపి కప్పాల్సిన వైశాల్యం సుమారు 0.36 చదరపు మీటర్లు. మామూలు ఫిల్మ్ చదరపు మీటరుకు 60, 70 గ్రాముల మధ్య తూగుతుంది. అంటే ఈ గ్లైడరుకు 23 గ్రాములు. నేను వేసిన టిష్యూ, మూడు పూతల డోపుతో కలిపి 11 గ్రాములు తూగింది. తేడా 12 గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ అందులో 2 గ్రాములు తోకలో పడతాయి. ఈ గ్లైడరులో బరువు తూగే చోటు నుంచి తోక ఎంత దూరమో, ముక్కు అందులో మూడో వంతు దూరం. తక్కెడ సూత్రమే. తోకలో 2 గ్రాములు పెరిగితే ముక్కులో 6 గ్రాముల సీసం వేయాలి. మొత్తం 18 గ్రాములు. 224 గ్రాముల గ్లైడరుకు అది దాదాపు పన్నెండో వంతు. ఇంజను లేనిదానికి బరువు పెరిగితే దిగే వేగం పెరుగుతుంది. మామయ్య ఒక్కో రిబ్‌ను గరుకు కాగితంతో రుద్ది కొద్దికొద్దిగా బరువు మిగిల్చిన కష్టమంతా ఒక్క పూట ఇస్త్రీతో మాయమవుతుంది.

ఇక అద్దాల పెట్టె మాట. ఇది తేలిగ్గా తోసిపుచ్చేది కాదు, అందుకే దీనితో ఎక్కువ రోజులు తర్జనభర్జన పడ్డాను.

రైట్ సోదరుల 1903 విమానం కంటే పవిత్రంగా చూసుకునే విమానం లోకంలో లేదు. ఆ ఏడాది డిసెంబరు 17న నాలుగుసార్లు ఎగిరాక గాలి దాన్ని దొర్లించి విరగ్గొట్టింది. పెట్టెల్లో ఉండగానే 1913 డేటన్ వరదలో బురదనీళ్ళలో నానింది. 1927లో ఆర్విల్ రైట్ దానికి కొత్త మస్లిన్ బట్ట కట్టించాడు, మరుసటి ఏడాది అది లండన్ సైన్స్ మ్యూజియానికి వెళ్ళింది. అమెరికాకు తిరిగొచ్చి స్మిత్సోనియన్ మ్యూజియంలో చేరాక 1985లో మరోసారి బట్ట మార్చారు. అంటే ఇవాళ వాషింగ్టన్‌లో జనం చూసే ఆ రెక్కల మీద 1903 నాటి బట్ట లేదు. అయినా అది ఆ విమానమే అనడానికి ఎవరూ సందేహించరు. మరి పాత బట్ట ఏమైంది? ఒక ముక్కను 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి దాకా తీసుకెళ్ళాడు. మరో చిన్న ముక్క 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టరుకు కట్టి ఉంది. బట్ట రెక్కను విడిచిపెట్టింది గానీ దాని గౌరవం తగ్గలేదు.

అదే మ్యూజియంలో లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ ఉంది. దాని బట్ట మాత్రం మార్చలేదు, అప్పటిదే. అది ఇక ఎప్పటికీ ఎగరదు కాబట్టి, ఆ బట్ట మీది ప్రతి మరకా చరిత్రకు సాక్ష్యం కాబట్టి అలా ఉంచడం న్యాయం. మా అన్నయ్య చెప్పేది ఈ న్యాయమే. కానీ దానికి ఆ మ్యూజియంలో చల్లటి గాలి, కొలిచి పెట్టిన తేమ, పొద్దస్తమానం కనిపెట్టుకుని ఉండే నిపుణులు ఉన్నారు. మా ఇంట్లో షోకేసు ఉంది. నైట్రోసెల్యులోజు తనంతట తాను చెడిపోయే పదార్థం. పసుపెక్కుతుంది, పెళుసవుతుంది, మెత్తదనానికి కలిపిన కర్పూరం లాంటివి మెల్లగా గాల్లో కలిసిపోతాయి. హారతి పళ్ళెంలో మిగిలిన కర్పూరం బిళ్ళ వారానికి సగమై కనిపిస్తుంది కదా, అలాగే. అది చాలనట్టు మెత్తపరిచేది తక్కువైన డోపు ఏళ్ళ తరబడి కుంచించుకుపోతూనే ఉంటుంది. గరుడ కుడి రెక్క కొస నాలుగు మిల్లీమీటర్లు పైకి మెలి తిరిగి ఉంది. 1974లో అలా లేదు. కాపాడుతున్నామనుకుని పెట్టెలో పెడితే ఆ పాత కవరింగ్ లోపలి చెక్కను మెల్లమెల్లగా వంచుకుంటూ పోతుంది. పైగా మామయ్యకు ఇప్పుడు 71 ఏళ్ళు. "పెట్టెలో పెట్టాక నేను చూడను, చెబుతున్నా. అది ఎగరడానికి చేసింది" అన్నాడు. చేసినవాడు బతికుండగా ఆయన మాటకంటే నాకు మ్యూజియం నీతి ఎక్కువ కాలేదు.

తీయడం మొదలుపెట్టాను. మే నెల, మధ్యాహ్నాలు వరండాలో. వెడల్పు కుంచెతో థిన్నర్ పూసి నిమిషం ఆగితే కాగితం మెత్తబడి పొరలా లేస్తుంది. తొందరపడకూడదు. ఆ రోజుల్లో రిబ్బులు అతికించిన జిగురు కూడా సెల్యులోజుదే, థిన్నర్ ఎక్కువైతే కీళ్ళు కూడా కరుగుతాయి. ఒక గడీ తీయడం, తుడవడం, ఆరనివ్వడం, పక్క గడీ. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది.

మూడో రోజు రెక్క మధ్యకు వచ్చేసరికి పాత కాగితం కింద ఏముందో కనబడింది. రెండు రెక్కలు కలిసే చోట బిగించిన ప్లైవుడ్ ముక్క ఒక పక్క జిగురు వదిలి ఊగుతోంది. పైకి ఏమీ తెలియదు. అలాగే దారం కట్టి లాగి ఉంటే గాల్లో రెక్కలు చేతులు జోడించినట్టు ముడుచుకునేవి. దాని పక్కన స్పార్ ఎప్పుడో విరిగితే వెదురు పుల్ల ఒకటి బద్దలా కట్టి, దారం చుట్టి అతికించి ఉంది. ఫోటో తీసి పంపితే మామయ్య వెంటనే ఫోన్ చేశాడు. "అది పతంగి కమాన్ పుల్లమ్మా! పరేడ్ గ్రౌండ్స్‌లో చెట్టుకు తగిలి విరిగితే, సంక్రాంతికి దాచిన పతంగి చింపి దాని పుల్ల కట్టాను. మర్నాడే పోటీ." నలభై తొమ్మిదేళ్ళుగా చెప్పని కథ అది. ఆయనా మరిచిపోయాడు. రిబ్బుల మీద పెన్సిలుతో వేసిన నంబర్లు, ఏడో రిబ్ మీద తప్పుగా వేసి కొట్టేసిన 8, అన్నీ బయటపడ్డాయి. జ్ఞాపకాలన్నీ పై కాగితంలోనే ఉన్నాయనుకునేవాళ్ళకు ఇది చెప్పాలని ఉంది. ఆ వెదురు పుల్లను నేను తీయలేదు. జిగురు మాత్రం కొత్తది పెట్టాను.

కాగితం వేయడం గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగం ఇదే. తేలిక జపాన్ టిష్యూ చదరపు మీటరుకు 12 గ్రాములంత ఉంటుంది. వెలుతురుకు పట్టుకుంటే పోగులు ఒకే దిక్కుకు పరుచుకుని కనిపిస్తాయి. చింపి చూసినా తెలుస్తుంది, పోగు వెంట చింపితే గీత గీసినట్టు నేరుగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. ఆ పోగు రెక్క పొడవునా ఉండాలి. చేయి తిరగడానికి నేను ముందు ధూల్‌పేటలో కొన్న పతంగుల కాగితంతో ఒక వారం సాధన చేశాను. బరువెక్కువ గానీ పోగు, తేమ, ముడత ఎలా ప్రవర్తిస్తాయో అది బాగానే నేర్పుతుంది. హైదరాబాదులో పతంగులు చేసేవాళ్ళ చేతుల్లో ఈ విద్య సగం ఉంది. కాగితం అంచు మడిచి దారం మీదికి అతికించే వాళ్ళ వేళ్ళను అరగంట చూస్తే చాలు, ఎంతో తెలుస్తుంది.

ముందు ఒట్టి చెక్కకే రెండు పూతలు డోపు వేసి, లేచిన పోగుల్ని రుద్ది నున్న చేయాలి. దాని మీద కాగితం పరిచి, అంచు వెంట కాగితం మీంచే థిన్నర్ రాస్తే కింది డోపు కరిగి కాగితాన్ని పట్టేస్తుంది. జిగురు అక్కర్లేదు. రెక్క కింది భాగం లోపలికి వంపు తిరిగి ఉంటే ప్రతి రిబ్‌కూ విడివిడిగా అతకాలి. లేకపోతే బిగిసేటప్పుడు కాగితం వంపును వదిలేసి తిన్నగా లేచి నిలబడుతుంది, రెక్క ఆకారమే మారిపోతుంది. ఆపైన నీళ్ళు జల్లి, రెక్కను బల్లకు గుండుసూదులతో బిగించి ఆరనివ్వాలి. రెండు కొసల దగ్గరా వెనక అంచు కింద ఒక్కో అగ్గిపుల్ల పెట్టమన్నాడు మామయ్య. కొసల దగ్గర వెనక అంచు అలా కొంచెం పైకి లేచి ఉంటే, వేగం తగ్గినప్పుడు కొసకంటే ముందు మధ్య భాగం పట్టు తప్పుతుంది, గ్లైడరు ఒక పక్కకు కూలిపోకుండా ఉంటుంది. బిగువు ఆ ఆకారంలోనే ఆరి, దాన్ని అలాగే పట్టి ఉంచుతుంది. ఫిల్మ్‌తో కూడా మెలిక పెట్టొచ్చు గానీ మొదటి ఎండకే దాన్ని మరిచిపోతుంది.

డోపులో మామయ్య ఆముదం చుక్కలు వేయమన్నాడు. వంద మిల్లీలీటర్లకు ఏడెనిమిది చుక్కలు, ఆయన పద్ధతి. ఆముదం ఎగిరిపోదు, పూతను మెత్తగా ఉంచి మరీ ఎక్కువ బిగవకుండా చూస్తుంది. మోడల్ విమానాలకూ ఆముదానికీ పాత బంధుత్వం ఉంది. మామయ్య రెండో విమానానికి చిన్న డీజిల్ ఇంజను ఉండేది, దాని ఇంధనం ఈథరు, కిరోసిన్, ఆముదం కలిపినది. మొదటి ప్రపంచ యుద్ధంలో చక్రంలా తిరిగే రోటరీ ఇంజన్లకు కందెన కూడా ఆముదమే. క్యాస్ట్రాల్ అన్న పేరు దాని ఇంగ్లీషు పేరులోంచే వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళ పొలంలో గట్ల వెంట ఆముదం చెట్లుండేవి. ఆ గింజల నూనెతో ఆకాశంలో ఇంజన్లు తిరిగాయని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో.

జూలైలో తప్పు చేశాను. ముసురు పట్టిన రోజు, సెలవు దొరికింది కదా అని రెండో పూత వేశాను. పది నిమిషాల్లో రెక్క మీద పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలు. ద్రావకం వేగంగా ఎగిరేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది పూత మీద చెమ్మలా దిగి డోపును తెల్లగా విరిచేస్తుంది. గుండె జారిపోయింది. "ఏం కాలేదు, పొడి రోజు వచ్చేదాకా ఆగి ఒట్టి థిన్నర్ ఒక చేయి వేయి" అన్నాడు మామయ్య. సెప్టెంబరు చివర ఎండ కాసిన రోజు అలాగే చేస్తే మచ్చలు కరిగిపోయి మళ్ళీ పారదర్శకమైంది. నిజం చెప్పాలంటే ఈ విరుగుడు కూడా నా వాదానికే బలం. తప్పును క్షమించే పదార్థం ఇది.

డోపు మీద వేసే నేరాలు కొన్ని నిజమే, దాచను. అది ఇట్టే అంటుకుంటుంది. ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో విమానాల బట్టకు డోపు పూసిన కార్మికులు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు, అప్పటి డోపులో ద్రావకంగా వాడిన టెట్రాక్లోరోఈథేన్ వల్ల కామెర్లు వచ్చి జబ్బుపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇవాళ్టి డోపులో అది ఉండదు గానీ, ఏ ద్రావకాన్నయినా చిన్నచూపు చూడకూడదని ఆ చావులు చెబుతున్నాయి. మూసిన గదిలో ఈ పని చేయకండి. పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరొత్తి, ఏదీ దగ్గర ఉండకూడదు. ఇంట్లో పసిపిల్లలుంటే, గాలాడే చోటు లేకపోతే ఈ పని మానుకోండి, అలాంటి చోటు ఉన్నవాళ్ళ చేత చేయించండి. అంతవరకూ దుకాణం కుర్రాడి మాటకు నేను తల ఊపుతాను. సులువుగా అవుతుందన్న ఒక్క కారణంతో ఫిల్మ్ వేయమంటే మాత్రం ఊపను.

ఇక ఆ మూడు అక్షరాలు. నిజానికి ఆరు నెలల్లో నన్ను భయపెట్టింది అవే. పాత కాగితం తీసే రోజు వాటిని చివరికి ఉంచాను. థిన్నర్‌ను కుంచె మొనతో అక్షరం చుట్టూ రాసి, బటర్ పేపరు ముక్క మీదికి జరుపుతూ లేపాలి. 'గ' చక్కగా వచ్చేసింది. 'రు' కొమ్ము దగ్గర చిరిగింది గానీ నిలిచింది. 'డ' చేతిలోనే పొడిపొడి అయిపోయింది. దాని కిందే నీళ్ళు కారిన మరక ఉంది, ఏదో ఒక వానాకాలం సజ్జ కారినప్పటిది. ఆ పొడిని చిన్న డబ్బీలో పెట్టి అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మందలిస్తుందనుకున్నాను. ఆమె డబ్బీలోకి చూసి, "కాగితం ఉందా?" అంది.

నల్ల టిష్యూ ఇచ్చాను. అమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది, వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. పాత 'గ'ను పక్కన పెట్టుకుని దాని లావు చూసుకుంటూ, గీత గీసుకోకుండా నేరుగా కత్తిరించింది. మొదటిది నచ్చలేదు. రెండోది ఇచ్చింది. తలకట్టు కొంచెం పొడుగైంది. పాత రెండు అక్షరాలు బూడిద నలుపు, కొత్తది కాటుక నలుపు. రంగు కలవడానికి కొత్తదాన్ని ఎండలో పెట్టి వెలిసేలా చేయమని ఒకరు సలహా ఇచ్చారు. చేయలేదు. ఏది ఎప్పటిదో చూసేవాళ్ళకు తెలియాలి.

డిసెంబరులో, ఘట్‌కేసర్ దాటాక తెలిసినవాళ్ళ వరి కోసిన మడిలో, తెల్లారకముందే చేరాం. అమ్మ గట్టు మీద శాలువా కప్పుకుని కూర్చుంది. మంచు కురుస్తోంది. గ్లైడరు కూర్చగానే మామయ్య రెక్కను వేలితో మీటి తల అడ్డంగా ఊపాడు. కాగితం మంచుకు మెత్తబడి బద్ధకంగా "టప్" అంది. "ఎండ రానీ" అన్నాడు. ముప్పావు గంట కూర్చున్నాం. ఏడున్నరకు ఎండ రెక్క మీద పడ్డాక మళ్ళీ మీటాడు. ఇంకాసేపు ఆగి మళ్ళీ మీటాడు. ఈసారి మోగింది.

దారం నేను పట్టుకున్నాను, పరుగు నాది. మామయ్య నెత్తి మీద ఎత్తి వదిలాడు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి గరుడ దారం వదిలేసింది. ఎండ కాగితంలోంచి వచ్చి, లోపలి రిబ్బులన్నీ నీడల్లా కనిపించాయి, మధ్యలో వెదురు పుల్ల కూడా. ఫోన్‌లో 51 సెకన్లు. దిగుతూ కోసిన వరి మొదుళ్ళ మీద రాసుకుంది. ఎడమ రెక్క కింద ఒక గడీలో రెండంగుళాల చిరుగు.

మామయ్య చొక్కా జేబులోంచి మడిచిన టిష్యూ ముక్క, అమ్మ వాడేసిన గోళ్ళరంగు సీసా తీశాడు. సీసాలో డోపు ఉంది, మూతకు కుంచె ఉండనే ఉంది. ముక్కను అంగుళం ఎక్కువగా చింపి, చిరుగు మీద పరిచి చుట్టూ రాశాడు. ఎండకు రెక్కను పట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలకు ఆరింది. "దారం చుట్టావా?" అన్నాడు.